పదిహేడో ఆటగాడి నాన్నగారికి జై!

అమెరికాలో కాలేజీ పిల్లలు ఐసు మీద హాకీ ఆడతారు. ఆడుకోనివ్వండి, మనకేంటి? పామర్రులో ఐసు చూడాలంటే చేపల లారీ వెనకాల నడవాలి. కైకలూరులో పెట్టెల నిండా దట్టించిన ఐసు గుడివాడ దాటేసరికి కరగడం మొదలెడుతుంది. పామర్రు సెంటర్లో లారీ మలుపు తిరిగేసరికి తారు రోడ్డు మీద తడి చార మిగులుతుంది. దాని మీద జారడానికి స్కేట్లు అక్కర్లేదు, స్కూటీ చాలు. అలాంటి ఊళ్లో ఐసు హాకీ గురించి ఎవరైనా మాట్లాడతారా?

మాట్లాడతారు. కొడుకు డెన్వర్లో ఎమ్మెస్ చదువుతుంటే తప్పకుండా మాట్లాడతారు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన నాన్నకి ఆ యూనివర్సిటీ టీము మీద ఆమాత్రం హక్కుండదా? డెన్వర్ 2024లో పదోసారి జాతీయ టైటిల్ కొట్టింది. కాలేజీ హాకీలో అప్పటికి అన్ని టైటిళ్లు ఇంకెవరికీ లేవు. టీ కొట్టు దగ్గర చెప్పుకోవద్దూ?

"ఇంతకీ టోర్నమెంటుకి టీముల్ని ఎవరు తీస్తారు బాబాయ్ అక్కడ?"

"ఎవరో తియ్యడం ఏంట్రా? సీజనంతా ఎవడు గెలిచాడో లెక్కేస్తారంట. లెక్కలో పైనున్నోళ్లు వెళ్తారంట."

"అంతేనా? ఎవరూ ఫోన్ చెయ్యరా?"

"చెయ్యరంట."

"మరి ఎమ్మెల్యేలు ఏం చేస్తారు బాబాయ్ అక్కడ, పొద్దస్తమానం?"

నవ్వకండి. ప్రశ్న న్యాయమైనదే. మన దగ్గర ఎమ్మెల్యే ఫోను లేకుండా కానిస్టేబుల్ బదిలీ అవ్వదు, కాలవకి పూడిక తియ్యరు, గుళ్లో బ్రేక్ దర్శనం దొరకదు. పన్నెండు మంది కబడ్డీ జట్టు మాత్రం దానంతటదే తయారవుతుందా?

అక్కడి లెక్క చెప్తా వినండి. టోర్నమెంటుకి పదహారు టీములు. ఆరు కాన్ఫరెన్సుల విజేతలు నేరుగా లోపలికి. మిగతా పది చోట్లకి లెక్క. ఎన్ని గెలిచావు? ఎవర్ని గెలిచావు? నువ్వు గెలిచినవాళ్లు ఎవర్ని గెలిచారు? సొంత మైదానంలో గెలిచావా, పరాయి ఊరు వెళ్లి గెలిచావా? ఏళ్ల తరబడి ఈ లెక్కని పెయిర్‌వైజ్ అన్నారు. ఈమధ్య దాన్ని పక్కనబెట్టి ఎన్పీఐ అనే మరో సూచీ తెచ్చారు. పేరేదైనా సూత్రం బహిరంగం. స్కోర్లు బహిరంగం. కాలిక్యులేటర్ ఉన్నవాడు ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. వేసుకుంటారు కూడా. కమిటీ జాబితా చదివేలోపే పదహారు పేర్లూ అభిమానుల నోళ్లలో నానుతుంటాయి. కమిటీకి మిగిలే పెద్ద పని ఎవర్ని ఏ ఊరు పంపాలన్నదే.

దాని మీదే వాళ్లు రాత్రింబవళ్లు కొట్టుకుంటారు. ఆతిథ్యమిచ్చే కాలేజీకి సొంత ప్రాంతంలో ఆడే వీలెందుకని. ప్రాంతీయ పోటీలు ఖాళీ స్టేడియాల్లో ఎందుకని. ఫలానా టీము బలహీనుల్ని బాది పైకొచ్చిందని. తిట్లే తిట్లు. కానీ ఆ తిట్లన్నీ అంకెల మీద. అన్ని తిట్లలో ఒక్క ఆటగాడి నాన్న కూడా కనపడడు.

మన దగ్గర నాన్న లేకుండా చర్చే మొదలవదు.

2024 ఫిబ్రవరి 26. ఇండోర్. రంజీ క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో ఆంధ్ర నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో ఓడింది. 170 కొట్టాల్సింది, 165కి ఆలౌట్. అదే రోజు హనుమ విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ పోస్టు పెట్టాడు. దాని సారాంశం ఇదీ. సీజన్ మొదట్లో బెంగాల్‌తో మ్యాచ్‌లో కెప్టెన్ తనే. జట్టులో పదిహేడో ఆటగాడి మీద అరిచాడు. ఆ కుర్రాడు వెళ్లి నాన్నకి చెప్పుకున్నాడు. నాన్న రాజకీయ నాయకుడు. నాన్న సంఘానికి చెప్పాడు. సంఘం కెప్టెన్ని దిగిపొమ్మంది. 'వ్యక్తిగత కారణాలు' అని అప్పట్లో బయటికి చెప్పిన మాట ఉత్తిదే. ఇక ఆంధ్రకి ఆడేది లేదు.

ఎవరీ విహారి? 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని, 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడినవాడు. 2023లో ఇదే మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగితే ఎడమచేతివాటంతో బ్యాటింగ్‌కి దిగినవాడు. అతని మాటే నిజమైతే, ఆస్ట్రేలియా పేసర్లు కదపలేకపోయిన మనిషిని ఒక్క ఫోను కాల్ క్లీన్ బౌల్డ్ చేసింది.

ఆ పదిహేడో కుర్రాడు కాదన్నాడు. నోరు జారింది విహారేగానీ తాను కాదన్నాడు. ఆ పంచాయితీలో తీర్పు చెప్పడం మన పని కాదు. మన ప్రశ్న ఒక్కటే. పదకొండు మంది ఆడే ఆటలో, పదిహేడోవాడి నాన్న ఏం పని చేస్తాడో రాష్ట్రంలో ఐదు కోట్ల మందికి తెలియాల్సిన అవసరం ఎందుకొచ్చింది? పదిహేడోవాడి బ్యాటింగ్ సగటెంతో ఎవరైనా చెప్పగలరా?

ఆ మర్నాటి నుంచి ఆట మొదలైంది. అసలైన ఆట. ప్రతిపక్షానికి ఒక్కసారిగా క్రికెట్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అధికార పక్షానికి ఒక్కసారిగా క్రమశిక్షణ మీద పుట్టుకొచ్చింది. సంఘం విహారికి షోకాజ్ నోటీసిచ్చింది. జూన్‌లో ప్రభుత్వం మారింది. విహారి మంత్రి లోకేశ్‌ని కలిశాడు, మళ్లీ ఆంధ్రకి ఆడతానన్నాడు. ఆగస్టులో సంఘం పాత పెద్దలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. సెప్టెంబరులో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడయ్యారు. ఎలా? ఏకగ్రీవంగా! పదకొండు మందిని ఎంపిక చేయమంటే పదిహేడు సిఫారసులొచ్చే రాష్ట్రంలో, అధ్యక్ష పదవికి మాత్రం రెండో నామినేషన్ రాదు. ఏం ఐకమత్యమండీ!

తర్వాతేమైంది? 2025లో విహారి ఆంధ్ర వదిలేసి త్రిపురకి వెళ్లిపోయాడు. పాలక పార్టీ మారింది, పలకరింపులు మారాయి, ఆటగాడు మాత్రం బట్టలు సర్దుకున్నాడు. తమాషా ఏంటంటే అదే ఏడాది త్రిపురకి చేరిన మరో ఆటగాడు విజయ్ శంకర్. గుర్తున్నాడా? 2019 ప్రపంచకప్‌కి అంబటి రాయుణ్ని పక్కనబెట్టి అతన్ని తీసుకున్నప్పుడు, ఛీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ 'మూడు కోణాల' ఆటగాడని మెచ్చుకున్నారు. సెలక్టరుదీ గుంటూరే, రాయుడిదీ గుంటూరే. రాయుడు త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీటేశాడు. ఆ ఏడాది జులైలో రిటైర్మెంట్ ప్రకటించాడు. వన్డేల్లో 47 సగటున్న బ్యాటర్‌కి మనం ఇచ్చిన సంజాయిషీ, 'కోణాలు'. అభిమాని మాత్రం ఏం చేస్తాడు? అంకె చూపిస్తే అంకెతో కొట్టుకుంటాడు. కోణం చూపిస్తే కళ్లద్దాలు కొనుక్కుంటాడు.

సరే, పెద్దింటి గొడవలు పక్కనబెడదాం. కాలేజీ దగ్గరికి రండి. ఇక్కడ ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెడితే చూసేవాడు కూడా లేడు.

యూనివర్సిటీ కబడ్డీ సెలక్షన్స్. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. ఏదైతేనేం? నోటీసు ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి హాజరు కావలెను. తొమ్మిదింటికి గ్రౌండ్‌లో ఉండేది కుర్రాళ్లూ, రెండు గేదెలూ. పదకొండింటికి పెద్దలొస్తారు. పదకొండున్నరకి టిఫినొస్తుంది. పన్నెండింటికి, సరిగ్గా నడినెత్తిన ఎండ పడ్డప్పుడు, కూత మొదలు. మ్యాట్ ఉంటుంది, స్టోర్ రూములో. తాళం ఉన్నాయన సెలవులో ఉంటాడు. కాబట్టి మట్టిలోనే కానివ్వండి, అందరం మట్టిలో ఆడినవాళ్లమే గదా!

ఓ కుర్రాణ్ని చూడండి. మొదటి పల్లెవెలుగు పట్టుకుని వచ్చాడు. మోకాలి క్యాపు సాగిపోయి జారిపోతుంటే, చెల్లెలి జడ రబ్బరు బ్యాండు దాని మీద బిగించుకున్నాడు. అవకాశం వచ్చింది మూడు రైడ్లకి. మొదటి దాంట్లో బోనస్ గీత దాటి ఒకర్ని తాకొచ్చాడు. రెండో దాంట్లో కార్నర్ వాడు కాలు పట్టేశాడు, వాణ్ని ఈడ్చుకుంటూ మధ్య గీత అందుకున్నాడు. గ్రౌండ్ చుట్టూ ఉన్న పిల్లలు ఈలలేశారు. సెలక్టరు గారు తలెత్తలేదు. ఫోన్లో ఉన్నారు.

"ఆఁ సార్... అలాగే సార్... మనోడే గదా సార్, నేను చూసుకుంటా... పేరొక్కసారి చెప్పండి సార్, రాసుకుంటున్నా."

రాసుకున్నది ఎక్కడ? హాజరు పట్టీ వెనకాల. రైడ్ పాయింట్లు రాసింది ఎక్కడ? అదెక్కడా లేదు. దానికో కాగితం ఉండాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. దరఖాస్తు ఫారం తిరగేసి చూడండి. పేరు. తండ్రి పేరు. తండ్రి వృత్తి. కులం. ఆధార్. ఫొటోలు నాలుగు. ఆట గురించి గడి? క్షమించాలి, స్థలం చాల్లేదు.

రాత్రి పదకొండింటికి జాబితా గ్రూపులో పడుతుంది. పన్నెండు పేర్లు. మన జడ రబ్బరు కుర్రాడు 'స్టాండ్‌బై'. అంటే ఏమిటి? ఎవరికైనా కాలు విరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకునే హోదా. మర్నాడు పొద్దున ఫిజికల్ డైరెక్టర్ గార్ని అడిగితే ఏమంటారు? "ఏం చేస్తాంరా, పైనుంచి వచ్చింది." పైనంటే ఎవరు? ఆకాశమా? ఆ పై మనిషికి ఓ పేరుండదా? ఓ సంతకం ఉండదా? వర్షం పైనుంచి వస్తుంది. దానికైనా వాతావరణ శాఖ మిల్లీమీటర్లు కొలిచి చెప్తుంది.

ఆడనే ఆడని కుర్రాడికి జట్టులో చోటెందుకని మీకు అనుమానం రావచ్చు. బెంచీ మీద కూర్చోడానికి ఇంత పోటీనా? బెంచీ కోసం ఎవరు కొట్టుకుంటారండీ, కాగితం కోసం! అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ప్రాతినిధ్యం వహించినట్టు ఇచ్చే కాగితం పేరు ఫారం-3. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి అదే తాళంచెవి. పద్నాలుగు మందిని ఔట్ చేసినవాడికీ, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చినవాడికీ ఒకటే ఫారం. రాష్ట్రంలో వృత్తివిద్యా సీట్లలో ఆటలకి అర శాతం. ప్రభుత్వ ఉద్యోగాల్లో రెండు శాతాన్ని 2024 క్రీడా విధానంలో మూడు చేశారు. మంచిదే, కాదనం. కోటా పెంచిన చేత్తోనే ఆ కోటాకి దారితీసే బెంచీకి కాపలా కూడా పెట్టొచ్చుగా? బెంచీ ధర పెరిగింది. కాపలా పెరగలేదు. ఇంకేముంది, నాన్నలు కదిలారు. ఆటలో సబ్‌స్టిట్యూట్ అంటే అలసినవాడి బదులు దిగేవాడు. మన దగ్గర ఆటే చదువుకి సబ్‌స్టిట్యూట్.

కృష్ణా జిల్లాలో నికార్సయిన సెలక్షన్ జరిగే చోటు ఒక్కటుంది. సంక్రాంతి బరి. చట్టం వద్దంటుంది. 1960 జంతుహింస నిరోధక చట్టం వద్దంటుంది, 1974 గేమింగ్ చట్టం వద్దంటుంది, హైకోర్టు వద్దంటుంది. అయినా మూడు రోజులు ఫ్లడ్‌లైట్లు, ఎల్ఈడీ తెరలు, వీఐపీ గ్యాలరీలు. చట్టాలు చేసిన పెద్దలే ముందు వరసలో. అది వేరే సిగ్గులేనితనం, దాని సంగతి మరోసారి. ఇక్కడ చూడాల్సింది పుంజు ఎంపిక. డేగా కాకా నెమలా అని రంగు చూస్తారు. తూకం వేస్తారు. ఎత్తు చూస్తారు. ఈడూ జోడూ కుదిరితేనే బరిలో దించుతారు. ఎమ్మెల్యే గారి పెరట్లో పెరిగింది కదాని కునికే పుంజు కాలికి ఎవడైనా కత్తి కడతాడా? కట్టడు. ఎందుకని? పందెం సొంత డబ్బు! యూనివర్సిటీ జట్టు మొదటి రౌండ్లోనే చిత్తయి తిరిగొస్తే ఎవడి జేబుకి చిల్లు? రైలు టికెట్టు యూనివర్సిటీది, ట్రాక్‌సూటు యూనివర్సిటీది, పోయిన పరువు జడ రబ్బరు కుర్రాడిది. వాడి ఊరంతా వాణ్నే అడుగుతుంది, "ఏరా, మీ టీము ఓడిపోయిందంటగా?"

అభిమానులం కదా మనం, మన సంగతి మాత్రం తక్కువా? ఐపీఎల్ వేలంలో ఏ ఫ్రాంచైజీ పర్సులో ఎంత మిగిలిందో నోటికి చెప్తాం. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకి కొన్నదని చెప్తాం. ఆ సీజన్‌లో అట్టడుగున తేలిందని కూడా చెప్తాం. మన సొంత యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఒక్క ఆటగాడి పేరు చెప్పండి చూద్దాం. ఒక్కటి? పోనీ, సౌత్ జోన్ పోటీలు ఈసారి ఎక్కడ జరిగాయి? జోన్‌లో మొదటి నాలుగు జట్లే ఆలిండియా పోటీలకి వెళ్తాయని ఎంతమందికి తెలుసు? మనకి తెలీదు. మనకి తెలీదని వాళ్లకి తెలుసు. వాళ్ల ధైర్యమంతా అక్కడే ఉంది. చూసేవాడు లేని గ్రౌండ్‌లో అంపైర్ ఎందుకు తలెత్తాలి?

మన జిల్లాకి ఎంపికల్లో తర్కం ఎప్పుడు పట్టింది గనక! 2022 ఏప్రిల్లో జిల్లాల్ని చీల్చారు. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మన పామర్రు మండలంలో ఉంది, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఎన్టీఆర్ జిల్లా మాత్రం విజయవాడ ముఖ్యకేంద్రంగా పక్కన వెలిసింది. పేరొకరికి, ఊరొకరికి. ఆటగాళ్ల జాబితాలు తయారుచేసేవాళ్లు ఈ పద్ధతి శ్రద్ధగా నేర్చుకున్నారు.

కబడ్డీ మన ఆట, మన మట్టి, మన కూత. ఈ మాట మైకులో వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. 1990లో బీజింగ్‌లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చింది. అప్పట్నుంచి 2014 దాకా పురుషుల స్వర్ణం ఏడుసార్లూ మనదే. 2018లో జకార్తాలో ఇరాన్ వచ్చి సెమీస్‌లో 27-18తో మట్టి కరిపించింది. ఆడవాళ్ల ఫైనల్లోనూ ఇరానే. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో ఏం నడుస్తోందో తెలుసా? జట్టు ఎంపికలో అక్రమాలు జరిగాయని మాజీ ఆటగాళ్లు వేసిన కేసు. జనార్దన్ సింగ్ గెహ్లోత్ అనే రాజస్థాన్ నాయకుడు 1984 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు కబడ్డీ సమాఖ్యని ఏలారు. తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఆయన సతీమణి. కూత ఆపకుండా కుటుంబం మొత్తం ఆడిన రైడ్ అది! కోర్టు ఆ ఎన్నిక చెల్లదని కొట్టేసి, అడ్మినిస్ట్రేటర్‌ని కూర్చోబెట్టింది.

అంతటితో ఆగలేదు. జకార్తా నుంచి తిరిగొచ్చాక ఎంపికైన జట్టూ, ఎంపిక కానివాళ్ల జట్టూ పోటీ పడాలంది. తేదీ 2018 సెప్టెంబర్ 15. ఇంతకంటే అందమైన తీర్పు ఉంటుందా? ఎవడు గొప్పో గీత గీసి తేల్చుకోండన్నారు. ఆరోజు వదిలేసినవాళ్లు వచ్చారు. బూట్లు కట్టుకుని నిలబడ్డారు. ఎంపికైన జట్టు రాలేదు. రాకపోవడం కూడా ఓ స్కోరే, కాకపోతే మన దగ్గర దాన్ని రాసుకునే పట్టీ లేదు.

లెక్క ఉంటే ఏమవుతుందో చూడాలనుందా? డెన్వర్ దాకా అక్కర్లేదు, విజయవాడ చాలు. వెన్నం జ్యోతి సురేఖ. బాణం పట్టిన బెజవాడ అమ్మాయి, కేఎల్ యూనివర్సిటీలో చదువుకుంది. 2022లో ఆసియా క్రీడల జట్టులో పేరు లేకపోతే ఆమె కూడా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. చూశారా, మన ఆటగాళ్లకి స్టేడియం తర్వాత బాగా తెలిసిన చోటు కోర్టే. కోవిడ్ వల్ల ఆ క్రీడలు ఏడాది వెనక్కి పోయాయి. మళ్లీ ట్రయల్స్ పెట్టారు. మళ్లీ బాణాలు, మళ్లీ మార్కులు. జట్టులోకి వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ నుంచి మూడు స్వర్ణాలతో దిగింది. వ్యక్తిగతం ఒకటి, జట్టు ఒకటి, మిక్స్‌డ్ ఒకటి. విలువిద్యలో టార్గెట్ మీద తొమ్మిదని ఓ వలయం ఉంటుంది, పదని ఓ వలయం ఉంటుంది. 'మనోడు' అనే వలయం ఇంకా ఎవరూ గీయలేదు. గీసే ప్రయత్నం ఎక్కడో జరుగుతూనే ఉండొచ్చు, మనవాళ్లని తక్కువ అంచనా వెయ్యకూడదు.

ఇక సర్కారు వారి ఆటలు. 2023 డిసెంబర్ 26న గుంటూరు దగ్గర నల్లపాడులో 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. ఎన్నికలు అప్పటికి ఐదు నెలల దూరం. అకస్మాత్తుగా పల్లెల్లో ప్రతిభ మీద ప్రభుత్వానికి మమకారం పొంగింది. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. సచివాలయం, మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం, ఐదు మెట్లు. ప్రైజుమనీయే 12 కోట్ల పైచిలుకు. కిట్ల మీద ముఖ్యమంత్రి గారి బొమ్మ. మొదటి ఓవర్లోనే బ్యాట్లు విరిగాయని జనం నవ్వుకున్నారు. ఫిబ్రవరి 13న విశాఖలో బాణసంచా కాల్చి ముగించారు. ప్రభుత్వం మారాక కొత్తవాళ్లు విజిలెన్స్ విచారణ వేశారు. డబ్బు లెక్క తేలాల్సిందే, తేల్చండి. ఎవరు తిన్నారో పళ్లెంతో సహా చూపించండి.

నాకు అంతకంటే మంటగా ఉన్నది ఇంకోటి. ఊరూరా ఆడించిన ఆ మ్యాచ్‌ల స్కోర్లు ఏవి? ఎవడు ఎన్ని రైడ్ పాయింట్లు తెచ్చాడు? పామర్రు మండలంలో ఏ ఊరి కుర్రాడు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఒంటిచేత్తో గెలిపించాడు? అమెరికావాడు సీజనంతా కూడబెట్టే లెక్క మన చేతికి ఏడు వారాల్లో వచ్చి పడింది. ఆ పుస్తకం పంచాయతీ గోడకి అంటిస్తే, కాలేజీ సెలక్టరుకి ఫోను ఎత్తే అవసరమే ఉండేది కాదు. పాతవాళ్లకి అందులో ఓట్లు కనిపించాయి. కొత్తవాళ్లకి అందులో కేసు కనిపించింది. ఆట ఎవరికీ కనిపించలేదు.

ఇప్పుడు కొత్త కలలు. ఒలింపిక్ స్వర్ణానికి ఏడు కోట్లు. పాత ప్రోత్సాహకం 75 లక్షలు, ఇప్పుడు ఏడు కోట్లు! వెండికి ఐదు, కంచుకి మూడు. అమరావతిలో లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. 2029 జాతీయ క్రీడలు మనకే కావాలట. కోరికకి పన్నా? పతకం వచ్చాక ఏడు కోట్లు ఇస్తాం సరే, పతకం రాకముందు మోకాలి క్యాపు ఎవరిస్తారు? లక్ష మంది కూర్చునే స్టేడియం కడతాం సరే, అందులో దిగే పదకొండు మందిని ఎవరు తీస్తారు? ఎలా తీస్తారు? ఆ తీసిన కాగితం ఎక్కడుంటుంది? ఎప్పుడైనా చూశారా దాన్ని? ఫొటోలో అయినా?

మేం అడిగేది స్టేడియం కాదండీ. పెయిర్‌వైజ్ కాదు, ఎన్పీఐ కాదు, కంప్యూటరూ కాదు. సెలక్షన్ రోజు సాయంత్రం నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం. వచ్చినవాళ్ల పేర్లు. ఎవరు ఎన్ని రైడ్లు వెళ్లారు, ఎన్ని పాయింట్లు తెచ్చారు, ఎన్ని పట్టు పట్టారు. అడుగున ఎంపిక చేసినవాళ్ల సంతకాలు, చదవడానికి వీలైనవి. అంతే. ఆ కాగితం ముందు నిలబడి మేం కూడా డెన్వర్ వాళ్లలాగా పొద్దస్తమానం కొట్టుకుచస్తాం. ఆరు పాయింట్లవాడు గొప్పా, ఏడు పట్లవాడు గొప్పా అని చొక్కాలు చింపుకుంటాం. మీ జోలికి రాం. మీ నాన్నల జోలికి అసలే రాం.

బడ్జెట్ లేదంటారని తెలుసు. మైదా జిగురు ఖర్చు మాది. పామర్రు సెంటర్లో చందా వేసుకుని డబ్బాతో సహా పంపిస్తాం. గోడ ఎటూ ప్రభుత్వానిదే, దాని మీద మీ పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక్కటి కాస్త పక్కకి జరిపితే చాలు.